ఆ టోపీ ఇనుముది కాదు, పచ్చితోలుది

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో జపాను యోధుల కవచాల మీద వచ్చిన వ్యాసం చదివాను. వ్యాసం బాగుంది, బొమ్మలు ఇంకా బాగున్నాయి. అయితే మూడో బొమ్మ కింద "లక్క పూత పూసిన సమురాయ్ ఇనుప శిరస్త్రాణం" అని వేశారు. అందులో ఇనుమూ లేదు, లక్కా లేదు. దాన్ని పెట్టుకున్నవాడు సమురాయ్ కూడా కాకపోవచ్చు. ఇలాంటివి ఏ పేపర్లోనైనా పడతాయి, ఇంతమాత్రానికి ఉత్తరం రాసేవాణ్ని కాదు. వ్యాసం చివర "ఇంతటి కళను సృష్టించిన పవిత్ర హస్తాలకు వందనం" అన్నారు చూడండి, అక్కడ ఆగిపోయాను. ఆ చేతుల గురించి నాకు కొంత తెలుసు. ఉత్తరం పొడుగైతే కత్తిరించుకోండి. చేతుల సంగతి మాత్రం ఉంచండి.

నేను చెన్నై పెరియమేడులో తోలు పని చేస్తాను. మా తాత నెల్లూరు జిల్లా నుంచి ఇక్కడి తోళ్ల మండీల్లో కూలికి వచ్చాడు. మా నాన్న పగలు మండీలో మూటలు మోసి, రాత్రిళ్లు కోడంబాకం సినిమా కంపెనీలకు కత్తి ఒరలు, నడికట్లు, రాజుగారి చెప్పులు కుట్టేవాడు. తెలుగు జానపదాలు ఇక్కడే తీసిన రోజులవి. సినిమాలు హైదరాబాదు వెళ్లిపోయాయి, మేం ఉండిపోయాం. ఇప్పుడు నా పని బ్యాగులు, బెల్టులు. నాటకాలవాళ్లు వస్తే కవచాలూ కిరీటాలూ చేస్తాను. జపాను టోపీ కూడా అలా ఒక కాలేజీ పిల్లలు నాటకానికి కావాలని అడిగితే మొదలైంది. వాళ్లు అట్టతో చేసిమ్మన్నారు. నాకే ఊరుకోబుద్ధి కాక అసలుది ఎలా చేస్తారో వెతుక్కున్నాను.

మీ బొమ్మలోది తోలని ఎలా తెలిసిందంటారా? కుడిపక్క అంచు చూడండి. అక్కడ నల్లపూత చిన్న పెచ్చు ఊడింది. ఇనుమైతే ఆ చోట తుప్పు మరక పట్టి ఉండాలి. మీ అచ్చులో కూడా అక్కడ లేత పసుపు రంగు, పీచుపీచుగా, పొరలు విడుతున్నట్టు కనిపిస్తోంది. కోసిన పచ్చితోలు అంచు అది. నేను రోజూ రంపెతో కోసే అంచు అదే కాబట్టి నాకు రెండో ఆలోచన రాలేదు.

పెద్ద పెద్ద దొరలు పెట్టుకునేది కబుటో. దానికి ఇనప రేకులు రివెట్లతో బిగిస్తారు, మెడ చుట్టూ వరసలు వేలాడతాయి, నుదుటి మీద కొమ్ములో చంద్రవంకో నిలబెడతారు. మీరు వేసినది జింగాసా, పల్లెల్లో గొర్రెల కాపరి టోపీలా వెడల్పుగా పరుచుకున్నది. అషిగారు అనే కాల్బలం పెట్టుకునేది ఎక్కువగా ఇదే. దొర తన సైన్యానికి ఒకే తీరున చేయించి ఇచ్చేవాడు, ముందు భాగాన తన వంశం గుర్తు వేయించేవాడు. ఇనుముతోనూ చేశారు, తోలుతోనూ చేశారు, కాగితాలు పొరలుగా అంటించి కూడా చేశారు. పైన నల్లపూత పడ్డాక దూరం నుంచి మూడూ ఒక్కలాగే ఉంటాయి. 1543లో పోర్చుగీసువాళ్లు తనెగాషిమా దీవికి తుపాకీ తెచ్చాక దొరల కవచాల్లో ఇనుము పెరిగింది. తుపాకీ గుండును తోలు ఆపదు. కత్తి వాటును, ఎగిరొచ్చే రాయిని, వానను ఆపుతుంది. ఎండలో మైళ్లకు మైళ్లు నడిచే కూలి సైనికుడికి బరువు తగ్గడమే పెద్ద సంగతి.

టోపీ ఒక్కటే కాదు. పాత కవచాల్లో ఒంటి మీద పేర్చిన చిన్న చిన్న బిళ్లల్లో చాలా భాగం తోలువే. ఒక ఇనప బిళ్ల, ఒక తోలు బిళ్ల చొప్పున కలిపి తాళ్లతో అల్లేవాళ్లు. అన్నీ ఇనుమైతే బరువు బాగా పెరిగిపోతుంది. గట్టిపరచిన ఆ పచ్చితోలును నెరిగావా అంటారు. మీ వ్యాసంలో కత్తికి రెండు పేజీలు ఇచ్చారు. నెరిగావా ఊసు లేదు.

తోలును గట్టిపరచడం అనగానే నూనెలో మరిగించడం అనుకుంటారు. నన్ను అలా అడిగినవాళ్లు చాలామంది. తంగేడు చెక్క, కరక్కాయలతో ఊనిన, అంటే కుళ్లకుండా పదును చేసిన తోలును బాగా వేడి నీళ్లలో ముంచితే ముడుచుకుని కర్రలా బిగుస్తుంది. తంగేడు చెక్కతో ఊనడం మన మద్రాసు పాత విద్య. ఈస్ట్ ఇండియా తోలు అన్న పేరుతో లండన్ దాకా పోయింది. క్రోమియం ఉప్పులతో ఊనిన క్రోమ్ తోలు మాత్రం మరిగే నీళ్లకు కూడా లొంగదు, మెత్తగానే ఉంటుంది. ఆ తోలు చేసిన కంపెనీ పేరు మీదే ఇక్కడ క్రోంపేట అని ఒక పేటే వెలసింది. ఇప్పుడు దుకాణాల్లో దొరికేది ముప్పాతిక పాళ్లు క్రోమే. ఈ పనికి అది దండగ. ఇక పచ్చితోలు. దాన్ని అరవై డిగ్రీలు దాటిన నీళ్లలో వేశారా, ముడుచుకుపోయి జిగురు కావడం మొదలవుతుంది. అందుకే జపాను పద్ధతిలో పొయ్యి పని చాలా తక్కువ. ఉన్నదంతా నానబెట్టడం, కొట్టడం, ఆరబెట్టడం.

పచ్చితోలంటే ఊనని తోలు. సున్నం నీళ్లలో నానేసి, వెంట్రుకలు తీసి, లోపలి కండ గీకి, సున్నం పూర్తిగా పోయేదాకా కడిగినది. డప్పు మూసేది దీనితోనే. డప్పు కొట్టేవాళ్లు ముందు మంట దగ్గర కాక చూపిస్తారు, తోల్లో తేమ పోయి బిగుస్తుంది. వాన తగిలితే మోత చచ్చిపోతుంది. ఈ సంగతి తెలిసినవాడికి జపాను టోపీ సగం తెలిసినట్టే. తడిలో మెత్తన, ఆరితే రాయి. మెత్తగా ఉండగా ఆకారం ఇవ్వాలి, గట్టిపడ్డాక మళ్లీ తడి తగలకుండా మూసెయ్యాలి. నల్లపూత అందుకోసం. మీ వ్యాసంలో అది అలంకారం అని రాశారు. పూత లేకపోతే మొదటి వానకే ఆ టోపీ సైనికుడి చెవుల మీదికి వాలిపోతుంది.

వాళ్లు ఆవు, ఎద్దు తోళ్లు వాడారు. నేను గేదె తోలు తీసుకున్నాను, ఇక్కడ దొరికేది అది, మందం కూడా బాగుంటుంది. వీపు ముక్కే కావాలి. పొట్ట ముక్క సాగుతుంది, ఆరాక అలలు లేస్తుంది. మండీలో "అన్నీ ఒకటేనయ్యా" అని పొట్ట ముక్క అంటగడతారు. మడిచి వేలితో నొక్కి చూసుకోవాలి, వీపు ముక్క తిరిగి లేస్తుంది, పొట్టది మడత పడి ఊరుకుంటుంది.

తోలు నానాక బండ మీద పరిచి చెక్క గూటంతో కొట్టాలి. ఇనప సుత్తి వద్దు, పీచు తెగుతుంది. నడిమి నుంచి అంచుకు గుండ్రంగా కొట్టుకుంటూ పోతే లోపలి నీరు నురగలా బయటికి వస్తుంది, తోలు దళసరి తగ్గి దట్టంగా తయారవుతుంది. మధ్య మధ్య పలుచని వజ్రం బంక నీళ్లలో ముంచుతారు. వడ్రంగులు వాడే వజ్రం బంకే, అదీ తోలు ముక్కలు ఉడకబెట్టి తీసిందే. ఈ దశలో వాసన గురించి చెప్పను. మా ఇంటిమీద అద్దెకున్నవాళ్లు చెప్పాల్సింది చెప్పారు.

అచ్చు దగ్గర అసలు కిటుకు ఉంది. మామిడి చెక్కతో టోపీ ఆకారానికి అచ్చు చేయించుకోవాలి. తడి తోలు దాని మీద లాగి, అంచు చుట్టూ మేకులు కొట్టాలి. ఒక మేకు కొడితే తర్వాతిది దానికి సరిగ్గా ఎదురు అంచున పడాలి, లేదంటే తోలు ఒక పక్కకు జారిపోతుంది. అంచు దగ్గర మిగిలిన తోలు ముడతలు పడుతుంది. దాన్ని గేదె కొమ్ము ముక్కతో రుద్ది రుద్ది లోపలికి సర్దాలి. ఆరేకొద్దీ తోలు ముడుచుకుని అచ్చును కరిచి పట్టుకుంటుంది. ఎంతగా అంటే ఒంటి ముక్క అచ్చు అయితే ఇక బయటికి రాదు, కోయాల్సిందే. అందుకని అచ్చు మూడు ముక్కలుగా చేయించాను, నడుమ ముక్క చీలలా ఉంటుంది. ముందు దాన్ని లాగేస్తే పక్క ముక్కలు రెండూ వదులై రాలిపోతాయి. బూట్ల అచ్చులోనూ ఇదే ఏర్పాటు, కాబట్టి మావాళ్లకు కొత్త కాదు.

ఆరబెట్టేది నీడలోనే. ఎండలో పెడితే పై పొర ముందు ఆరి, లోపలి తేమను దిగ్బంధం చేస్తుంది, తర్వాత ఎప్పుడో పగులుతుంది. చెన్నైలో దీనికి మంచి కాలం కృత్తిక, రోహిణి కార్తెలు, ఇక్కడివాళ్ల కత్తిరి ఎండలు. పొద్దున గాలి పొడిగా ఉంటుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరగ్గానే టోపీని లోపల పెట్టి తలుపెయ్యాలి. వేలి ఎముకతో తట్టి చూస్తే తెలుస్తుంది. పచ్చిగా ఉంటే బొద్దుగా పలుకుతుంది, ఆరితే కొబ్బరి చిప్ప మీద కొట్టినట్టు ఠక్కుమంటుంది. నడినెత్తిన చివరగా ఆరుతుంది కాబట్టి అక్కడే తట్టాలి.

ఇక పూత. లక్క అంటే పురుగు పెట్టేది. ఏటికొప్పాక బొమ్మల మీద ఉండేది అది. తరిమెన మీద తిరిగే అంకుడు కర్రకు లక్క కడ్డీ ఆనిస్తే, రాపిడి వేడికి కరిగి పట్టుకుంటుంది. వేడికి పట్టింది వేడికే వదులుతుంది. జపానువాళ్లు వాడేది ఉరుషి, ఒక చెట్టు పాలు. ఆ చెట్టు మన మామిడి, జీడిమామిడి, నల్లజీడి కుటుంబానిదే. మామిడికాయ తొడిమ తుంచగానే కారే సొన పెదవికి తగిలితే ఎలా మండి పుండవుతుందో మనకు చెప్పక్కర్లేదు. చాకలివాళ్లు బట్టల మీద గుర్తు పెట్టే నల్లజీడి రసం చర్మాన్ని ఎలా కాలుస్తుందో మా అమ్మ తరానికి తెలుసు. ఉరుషిలో ఉన్నదీ ఆ జాతి రసమే, ఇంకా ఘాటు. పని నేర్చుకునేవాళ్లకు అక్కడ ముందు చేతులు, ముఖం దద్దుర్లతో ఉబ్బుతాయి, తర్వాతే పని అబ్బుతుంది.

పదేళ్లు పైబడి పెంచిన చెట్టుకు వేసవి నుంచి ఆకు రాలే కాలం దాకా గాట్లు పెడితే, మొత్తం మీద వచ్చేది సుమారు 200 గ్రాములు. ఆ తర్వాత చెట్టును నరికేస్తారు, మొదలు నుంచి పిలకలు వస్తాయి. జపానులో దీనికి పేరున్న చోటు ఇవాతే ప్రాంతంలోని జోబోజి. అక్కడి పాలు వాళ్ల పాత గుళ్ల మరమ్మతులకే చాలవు, వాడకంలో ఎక్కువ భాగం చైనా నుంచి వస్తుంది.

ఉరుషి ఆరడానికి తడి కావాలి. రాసింది తప్పు కాదు. మన రంగుల్లా అందులో కలిపిన టర్పెంటైను ఆవిరైపోయి ఆరే వస్తువు కాదిది. పాలల్లో ఉన్న ఒక ఎంజైము గాలిలోని ప్రాణవాయువును పట్టి పాలను గట్టి పొరగా మారుస్తుంది, ఆ ఎంజైముకు తేమ ఉండాలి. అందుకని వాళ్లు తడి గుడ్డలు పెట్టిన చెక్క బీరువాలో వస్తువును ఉంచుతారు. తేమ డెబ్భై, ఎనభై శాతం, వేడి ఇరవై నుంచి ముప్పై డిగ్రీలు. తమిళుల ఐప్పసి నెల వానల్లో మా వీధి కూడా అంతే. కార్తీకంలో ఏ బీరువా లేకుండా, గోనెపట్టా కప్పిన పాత ట్రంకు పెట్టెలో పెట్టాను, మర్నాటికి వేలికి అంటలేదు. తోలుకు వేసవి, పూతకు వానాకాలం. ఈ ఊరు ఈ పనికి పుట్టినట్టుంది. ఇది ఎవరూ గమనించలేదని నా బాధ.

అసలు ఉరుషి నాకు ఒక చిన్న ట్యూబు మాత్రమే దొరికింది. టోక్యోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా మేనల్లుడు తెచ్చాడు. ఒక టోపీ పై పూతకు మాత్రమే సరిపోయింది. మిగతావాటికి జీడిపిక్కల పెంకు నూనెతో చేసిన వార్నిష్ వాడాను. ఇది నేను కనిపెట్టింది కాదు. ఉరుషి ఖరీదు భరించలేక జపానువాళ్లే జీడినూనెతో బదులు పూత తయారు చేసుకున్నారు, అక్కడ దాన్ని కషూ అనే పిలుస్తారు. చేప గాలపు కర్రలకూ, గిన్నెలకూ, బొమ్మలకూ వేస్తారు. మన పలాసలో, ఇక్కడ పన్రుటిలో పిక్క ఒలిచే ఆడవాళ్ల వేళ్లు నల్లబడి, తోలు లేచిపోయేది ఆ నూనెకే. పప్పు డబ్బాలో మెరుస్తుంది, నూనె పీపాల్లో ఫ్యాక్టరీలకు పోతుంది, చేతులు అలాగే ఉంటాయి.

పూత పని వరసగా చెబుతూ పోతే మీ పేజీ చాలదు. క్లుప్తంగా: ముందు పలుచని పాలు తోలు తాగినంత తాగించాలి, లోపలి వైపూ, తాడు కన్నాల్లోనూ. తర్వాత ముతక గుడ్డను, పాలూ బియ్యప్పిండి గంజీ కలిపిన జిగురుతో అంటించాలి. ఆపైన పాలల్లో మెత్తని మట్టి కలిపి మెత్తి, సానరాయితో నీళ్లు పోసి నున్న చెయ్యాలి. ఆ తర్వాతే నలుపు. ఆ నలుపు మసి కాదు, పాలల్లో ఇనుము కలిపితే వచ్చే నలుపు. ఎరుపు కావాలంటే ఇంగిలీకం. ప్రతి పూతా ఉల్లిపొర అంత పలుచన ఉండాలి. దళసరిగా వేస్తే పైన ముడతలు పడుతుంది, లోపల పచ్చిగా మిగులుతుంది. పూతకూ పూతకూ మధ్య బొగ్గు ముక్కతో నీళ్లలో అరగదీయాలి.

బ్రష్షు గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఉరుషి బ్రష్షు మనిషి జుట్టుతో చేస్తారు. పొడుగాటి ఆడవాళ్ల జుట్టు, పెన్సిల్లో సీసం పెట్టినట్టు రెండు చెక్కల మధ్య నిలువునా బిగిస్తారు, కొస అరిగితే చెక్కి ముందుకు తెచ్చుకుంటారు. తిరుమలలో గుండు కొట్టించుకునే జాతి మనది, జుట్టు వ్యాపారానికి ఈ ఊరు పేరు. బ్రష్షు మాత్రం నేను మా ఆవిడ సవరంతో చేసుకున్నాను. ఆమె ఇప్పటికీ మాట్లాడేటప్పుడు దాన్ని ఎత్తుతుంది.

గుర్తు కోసం షిమజు వంశానిది తీసుకున్నాను. వలయంలో కూడిక గుర్తు, కంపాసుతో గీయొచ్చు. పూత ఇంకా కొద్దిగా జిగటగా ఉండగా తంజావూరు బొమ్మలవాళ్ల దగ్గర మిగిలిన బంగారు రేకు అద్దాను. నాటకం రోజు లైట్ల కింద ఆ గుర్తు ఒక్కటే కనిపించింది, నల్లదనం చీకట్లో కలిసిపోయింది. యుద్ధంలోనూ దొరకు కావలసింది అదే కాబోలు. కూలి సైనికుడి ముఖం ఎవరిక్కావాలి?

చేతుల సంగతికి వస్తున్నాను.

జపానులో చచ్చిన పశువును ఎత్తేది, తోలు ఒలిచేది, ఊనేది, కవచానికి పచ్చితోలు తయారు చేసేది ఊరి బయట ఉంచిన కులాలవాళ్లు. కవత అనేవాళ్లు, ఇంకా హీనమైన పేర్లూ పెట్టారు. యుద్ధాల కాలంలో దొరలు వాళ్లను పిలిచి భూములిచ్చి, పన్నులు మాఫీ చేసి, తోళ్లు మాకే ఇవ్వాలని కట్టడి చేశారు. యుద్ధం ఉన్నన్నాళ్లు అవసరం. 1603 తర్వాత తోకుగావా వంశం పాలనలో శాంతి వచ్చింది. శాంతితో పాటు కట్టుబాట్లు బిగిశాయి. ఎక్కడ ఉండాలి, ఎవరిని పెళ్లాడాలి, ఏ బట్ట కట్టాలి అన్నీ రాసిపెట్టారు. అయినా ఏటా ఇన్ని తోళ్లు అని దొరకు చెల్లించాల్సిందే. 1871లో ఆ కులాల పేర్లు రద్దు చేస్తూ సర్కారు ఉత్తర్వు ఇచ్చింది. ఉత్తర్వుతో పోలేదు కనకనే 1922లో క్యోటోలో వాళ్లే సుయిహెయిషా అని సంఘం పెట్టుకుని, మేమూ మనుషులమే అని ప్రకటించుకోవాల్సి వచ్చింది. గుళ్లలో మోగే పెద్ద పెద్ద టైకో డోళ్లు మూసేదీ వాళ్లే.

దీంట్లో మీకు ఎక్కడైనా తెలియని మాట కనిపించిందా? ఊరి పేర్లు మారిస్తే మా తాత కథ. తోళ్లు నానబెట్టే లంద ఊరవతల, డప్పు ఊరి నడుమ. చెప్పు కాలికి, కుట్టినవాడు గుమ్మం బయట.

కాలేజీ నాటకం అయ్యాక జరిగింది చెబుతాను. టోపీలను హాల్లో బల్ల మీద పెట్టారు. కాలేజీకి సంబంధించిన ఒక పెద్దాయన వచ్చి ఒకటి చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశారు. "ఎంత తేలిగ్గా ఉందండీ, కార్బన్ ఫైబరా?" అని మెచ్చుకున్నారు. "కాదండీ, గేదె పచ్చితోలు" అన్నాను. ఆయన దాన్ని పడెయ్యలేదు, మర్యాదస్తుడు. మెల్లిగా బల్ల మీద పెట్టి, జేబురుమాలు తీసి ఒక్కో వేలూ తుడుచుకున్నారు. తర్వాత ఒక కుర్రాడు వచ్చి, వేదిక మీద దీపం వెలిగించే చోటు నుంచి వాటిని కాస్త పక్కకు జరపమన్నాడు. జరిపాను. అదే వేదిక మీద, అదే దీపం పక్కన, కచేరీకి మృదంగం సిద్ధంగా ఉంది. మృదంగానికి ఆవు తోలు, మేక తోలు, బిగించే వార్లు గేదె తోలు. దానికి పసుపూ కుంకుమా పెట్టి ఉన్నాయి. నా టోపీ మీద ఉన్నది జపాను చెట్టు పాలూ తంజావూరు బంగారమూ.

ఆయన మీద నాకు కోపం లేదు. కార్బన్ ఫైబర్ అనుకున్నంతసేపూ ఆయన కళ్లలో కనిపించిన మెప్పు నిజమైందే. "పవిత్ర హస్తాలు" అని మీరు రాసినప్పుడు కూడా ఆ మెప్పే. చేసినవాడి ఇల్లు ఎక్కడుందో తెలియనంతసేపు హస్తాలు పవిత్రంగానే ఉంటాయి. అందుకే, దయచేసి, ఇంకోసారి కవచం గురించి రాస్తే దాన్ని తొడుక్కున్నవాడి పేరుతో పాటు తోలు కొట్టినవాళ్ల కులాన్నీ, వాళ్లను ఎక్కడ ఉంచారో కూడా రాయండి. మన తోళ్ల గురించి రాసినా సరే.

డబ్బు మాటకొస్తే, దీంతో నేనేం బాగుపడలేదు. ఒక సినిమావాళ్లు ఇలాంటివి కావాలని వచ్చి, నమూనా తీసుకెళ్లి, దాని మీద అచ్చు పోసుకుని ఫైబర్‌తో దింపుకున్నారు. తెర మీద తేడా తెలియదు, వాళ్లకు చవక. నమూనా తిరిగొచ్చింది, అంచు విరిగి. అయితే ఇటువంటి టోపీ, డబ్బా, ట్రే కొనేవాళ్లు ఉన్నారని మేనల్లుడు అంటాడు. జపానులో హిమేజిలో తెల్లతోలు పని, యమానషిలో జింక తోలు మీద ఉరుషి చుక్కలు వేసే ఇన్‌డెన్ పని ఇవాళ్టికీ నడుస్తున్నాయి, అవి కొనుక్కుని వాడేవాళ్లూ ఉన్నారు. మనకు తోలు ఉంది, జీడినూనె ఉంది, తేమ దేవుడిచ్చాడు. క్రోమ్ అక్కర్లేదు కనక ఆ కలుషితమైన నీళ్లూ ఉండవు. సున్నం నీళ్లు ఉంటాయి, వాటిని శుద్ధి చెయ్యాలి, ఆ మాట దాచను.

ఈ ఉత్తరం చూసి ఎవరైనా ఇంట్లో ప్రయత్నిస్తారేమో, వాళ్లకు రెండు జాగ్రత్తలు. జీడిపెంకులు ఇంట్లో కాల్చి నూనె తీయకండి, ఆ పొగ కళ్లనూ చర్మాన్నీ మండిస్తుంది. డబ్బాలో వచ్చే వార్నిష్ కొనుక్కోండి, గ్లవ్స్ వేసుకోండి. రెండోది, టోపీ బాగా కుదిరింది కదా అని దాన్ని పెట్టుకుని బండి నడపకండి. ఐఎస్ఐ ముద్ర లేదని పోలీసు ఆపడం అలా ఉంచండి, తారు రోడ్డు మీద పడితే తలను కాపాడేలా చేసిన వస్తువు కాదది. మా అబ్బాయి ఒకసారి పెట్టుకుని అన్నాశాలై దాకా వెళ్లొచ్చాడు, ఫొటోలు తీసుకోవడానికి.

ఇక నా విన్నపం. అడయారులో కేంద్ర తోలు పరిశోధన సంస్థ 1948 నుంచి ఉంది. తోలు పని నేర్పే బళ్లు ఈ ఊళ్లో ఇంకా ఉన్నాయి. నా దగ్గరకు పనికి వచ్చే కుర్రాళ్లకు మెషిన్ కుట్టు వచ్చు, డిజైన్ కంప్యూటర్లో గీయడం వచ్చు. పచ్చితోలు చేత్తో పట్టుకున్నవాడు మాత్రం ఒక్కడూ కనిపించలేదు. వాళ్లకు నానబెట్టి కొట్టి అచ్చుకెక్కించే పని కొన్ని వారాలు నేర్పిస్తే చాలు. మీ పత్రిక ద్వారా ఆ మాట ఆ సంస్థవాళ్ల, బళ్లవాళ్ల చెవిన వేయండి. పిలిస్తే నేను వచ్చి నేర్పుతాను, జీతం అడగను. గూటం, కొమ్ము ముక్క, మూడు ముక్కల అచ్చు నావే తెచ్చుకుంటాను. తోలు మాత్రం వాళ్లే తెప్పించుకోవాలి. తడి పచ్చితోలు సంచీతో నన్ను ఏ బస్సులోనూ ఎక్కనివ్వరు.

ఇట్లు
ఒక తోలు పనివాడు,
పెరియమేడు, చెన్నై